పాత అంబాసిడర్, పద్మిని కార్లు ఆన్‌లైన్‌లో చూసి మోసపోకుండా కొనడం ఎలా?

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "కోయంబత్తూరులో అంబాసిడర్ ఒకటి కనిపించిందండి, ఫొటోల్లో మెరిసిపోతోంది, అడ్వాన్సు వేస్తే వేరేవాళ్లకి ఇవ్వనంటున్నాడు. వేసెయ్యమంటారా?" వెయ్యొద్దు. కింద రాసినవన్నీ అయ్యాక వెయ్యండి.

పాత కారు కొనేటప్పుడు చూసుకోవాల్సిన వరస ఒకటుంది. ముందు కాగితాలు, తర్వాత బాడీ, ఆ తర్వాత ఇంజను, అన్నిటికంటే చివర డబ్బు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. అడ్వాన్సు వేసేసి, ఇంజను శబ్దం విని మురిసిపోయి, బండి ఇంటికొచ్చాక కాగితాలు తిరగేస్తారు. ఇంజను పాడైతే రాజమండ్రిలో షెడ్డుకి తోలి, దింపి, బోరు చేయించుకోవచ్చు. బాడీ తుప్పు పట్టినా, ఖర్చు తగులుతుంది గానీ మంచి టింకరు చేతిలో నిలబడుతుంది. ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పుస్తకంలో) ఓనర్ల లింకు తెగిన బండిని మాత్రం ఏ మెకానిక్కూ బాగుచెయ్యలేడు. దాన్ని పాకలో పెట్టుకుని చూసుకోవడమే.

ఇక్కడ రాసింది ముఖ్యంగా అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని గురించి. కాంటెస్సాకి, తొలినాళ్ల మారుతి 800కి, పాత జీపుకి కూడా కాగితాల సంగతంతా ఇదే.

కావాల్సినవి

- ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్ (బండి నంబరు కొడితే రికార్డు చూపించే ప్రభుత్వ యాప్). లేదా పరివాహన్ వెబ్‌సైట్లో మీ మొబైల్ నంబరుతో లాగిన్.
- ఫ్రిజ్ మీద అంటించుకునే లాంటి పలచటి అయస్కాంతం, ఒక మెత్తటి గుడ్డ.
- గట్టి టార్చి, బండి కింద పడుకోవడానికి పాత దుప్పటి.
- పెన్సిలు, తెల్లకాగితం. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.
- ఆ మోడల్ మీద చెయ్యి తిరిగిన మెకానిక్కు. కొత్త కార్ల సర్వీసు సెంటర్లో పనిచేసే కుర్రాడు సరిపోడు. కార్బొరేటర్ విప్పి బిగించినవాడు కావాలి.
- ధర కాక విడిగా పక్కన పెట్టిన సొమ్ము. ఎంతన్నది ఆరో మెట్టులో లెక్క వేద్దాం.

1. కారు ఎందుకో ముందు తేల్చుకోండి

ఇంట్లోవాళ్లతో అన్నవరమో ద్వారకా తిరుమలో వెళ్లిరావడానికా? తాతగారి కారు లాంటిది ఇంటి ముందు ఉండాలన్న కోరికా? రెండింటికీ కొనాల్సిన బండి వేరు, చేయించాల్సిన రిజిస్ట్రేషన్ వేరు.

ప్రకటనల్లో ప్రతి పాత కారునీ "వింటేజ్" అనేస్తున్నారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండే వింటేజ్. అంటే 1985లో రిజిస్టరైన పద్మిని 2035 దాకా వింటేజ్ కాదు. ఎవరైనా ఆ పేరు చెప్పి ధర పెంచితే ఒప్పుకోకండి.

నిజంగా 50 ఏళ్లు దాటినా సరే, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించేముందు ఆలోచించండి. నంబరులో "వీఏ" అక్షరాలు వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోడ్డెక్కించకూడదు. ఆదివారం సరదాగా కాలవగట్టు వెంట ఓ తిరుగు తిరగాలనుకునేవాళ్లకి మామూలు రిజిస్ట్రేషన్‌ని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడమే మేలు.

ఇంకొకటి. కోనసీమలో పెళ్లి ఫొటోషూట్లకి అద్దెకిస్తే కారు ఖర్చు తిరిగొచ్చేస్తుందని కొందరు లెక్కలు వేస్తున్నారు. తెల్లబోర్డు కారుని, అంటే సొంత వాడకానికి రిజిస్టరైన కారుని, అద్దెకి తిప్పడానికి చట్టం ఒప్పుకోదు, వీఏ నంబరు కారుకి అసలే కుదరదు. ఆ ఆదాయాన్ని లెక్కలో వేసుకుని బండి కొనకండి.

2. ప్రకటనని అనుమానంగా చదవండి

ఫొటోలని గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. అదే కారు వేరే ఊళ్లో, వేరే ధరకి, వేరే పేరుతో కనిపిస్తే అక్కడితో ఆపెయ్యండి. నంబరు ప్లేటు మసకబార్చిన ఫొటో ఒక్కటే ఉంటే తప్పుపట్టాల్సిన పని లేదు, చాలామంది జాగ్రత్త కోసం అలా చేస్తారు. ఫోన్‌లో అడిగినా నంబరు చెప్పనంటే మాత్రం ఆ బండి మీకొద్దు.

మోసాల్లో బాగా పాతబడినా ఇప్పటికీ పారుతున్నది ఒకటుంది. "నేను ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, అందుకే చవగ్గా ఇచ్చేస్తున్నాను. బండి మా పార్సిల్ సర్వీసులో మీ ఇంటికే వస్తుంది, రవాణా ఖర్చు మాత్రం ముందు పంపండి" అంటాడు. యూనిఫారంలో ఫొటో, గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు వాట్సాప్‌లో పెడతాడు. అవన్నీ ఎవరివో దొంగిలించినవి. రవాణా డబ్బు పంపాక జీఎస్టీ అంటాడు, తర్వాత గేటు పాసు అంటాడు. బండి ఉండదు.

మీరే అమ్ముతున్నా, కొంటున్నా ఒక్కటి గుర్తుంచుకోండి: డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ ఉండదు. "అడ్వాన్సు తిరిగి పంపిస్తున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి" అన్నాడంటే మీ ఖాతా ఖాళీ చేయబోతున్నాడు.

ధర మరీ తక్కువుంటే దానికి కారణం ఏదో ఒకటి ఉంటుంది. అన్ని కారణాలూ మోసాలు కావు. ఢిల్లీ చుట్టుపక్కల 15 ఏళ్లు దాటిన పెట్రోలు బళ్లకి, 10 ఏళ్లు దాటిన డీజిల్ బళ్లకి ఆంక్షలు రావడంతో అక్కడివాళ్లు తక్కువకి వదిలించుకున్నారు. కలకత్తాలో 15 ఏళ్లు దాటిన టాక్సీలని తిప్పనివ్వరు గనక పసుపు అంబాసిడర్లు అమ్మకానికి వస్తున్నాయి. ముంబయిలో పద్మిని టాక్సీల కథ 2023 అక్టోబరుతో ముగిసింది. ఇలాంటి బండికి తెల్ల రంగు కొట్టి "సింగిల్ ఓనర్, డాక్టర్ గారి కారు" అని పెడతారు. రంగు చూసి కనిపెట్టలేరు, ఆర్‌సీ చూసి కనిపెడతారు.

3. నంబరు అడగండి, ఆర్‌సీని నమిలి మింగండి

ఇక్కడ తొందరపడకండి. ఆర్‌సీ రెండు వైపులా ఫొటో, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఫొటోలు తెప్పించుకోండి. తర్వాత ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి ఇవి ఒక్కొక్కటీ సరిపోల్చండి.

ఓనరు పేరు. అమ్ముతున్న మనిషి, ఆర్‌సీలో ఉన్న మనిషి ఒకరేనా? కాకపోతే మధ్యలో ఎవరున్నారు? పాత కార్లు ముగ్గురు నలుగురి చేతులు మారినా పేరు మొదటాయనదే ఉంటుంది, సంతకాలు పెట్టిన ఖాళీ టీవో (పేరు మార్పిడి) ఫారాలు మాత్రం చేతులు మారుతూ వస్తాయి. "ఓపెన్ టీవో ఉందండి, మీ పేరు రాసేసుకోవడమే" అంటే సంతోషపడకండి. ఇప్పుడు పేరు మార్పిడికి పాత ఓనరు ఫోన్‌కి ఓటీపీ వెళ్తుంది. ఆ మనిషి దొరక్కపోతే కాగితం మీద సంతకం ఒక్కటే మిమ్మల్ని గట్టెక్కించదు.

ఓనరు కాలం చేసి ఉంటే. మన పల్లెల్లో ఇది చాలా ఎక్కువ. తాతగారి పేరున ఉన్న కారుని మనవడు అమ్మకానికి పెడతాడు. అతను మంచివాడే, మోసం ఏమీ లేదు, కానీ అమ్మే హక్కు ఇంకా అతనికి రాలేదు. మరణ ధృవీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం పెట్టి, ఫారం 31తో ముందు తన పేరుకి మార్చుకోమనండి. ఆ తర్వాత మీరు కొనండి. "రెండూ ఒకేసారి చేయించేద్దాం" అనే బ్రోకరు మాట వినకండి. చెల్లెలు ఒకరు సంతకం పెట్టనంటే మీ డబ్బు ఏళ్ల తరబడి ఇరుక్కుంటుంది.

వాహన తరగతి. "మోటార్ కార్" అని ఉండాలి. "మోటార్ క్యాబ్" అని ఉంటే అది టాక్సీ. సొంత వాడకానికి మార్చినట్టు ఆర్‌సీలో నమోదు అయ్యాకే బేరం.

ఇంధనం. చాలా అంబాసిడర్లకి పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను ఎక్కించారు. ఆర్‌సీలో పెట్రోలు అనుంటే, బానెట్ కింద డీజిల్ ఉంటే, ఇంజను నంబరు కూడా తేడాగానే ఉంటుంది. అలా మార్చడానికి అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఎక్కించకుండా వదిలేసిన బండిని రెన్యువల్‌కి తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వెనక్కి పంపేస్తారు.

గడువు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కారుకి ఈ రుసుముని 2025లో 10,000 రూపాయలు చేశారు. గడువు దాటిపోతే నెలకి 500 చొప్పున ఆలస్య రుసుము అదనం. గడువు తీరి ఆరేళ్లయిన బండికి నెలనెలా లెక్కకడితే ఇదొక్కటే 36,000 అవుతుంది. దీనికి తోడు పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్. ఎంత కట్టాలో పోర్టల్‌లో చూసుకుని, బేరంలో తగ్గించమని అడగండి.

ఫైనాన్స్. 1990ల్లో ఏదో ఫైనాన్స్ కంపెనీలో అప్పు తీసుకుని, తీర్చేసి, ఆర్‌సీలో ఆ పేరు కొట్టించుకోకుండా వదిలేసినవాళ్లు బోలెడుమంది. ఆ కంపెనీ ఇప్పుడు మూతబడి ఉంటే అప్పు తీరిందని చెప్పే ఫారం 35 మీద సంతకం ఎవరు పెడతారు? ఈ పని అమ్మేవారి చేతే పూర్తి చేయించండి.

ఏ రాష్ట్రం బండి. ఏపీ 05 అంటే తూర్పుగోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమగోదావరి, 2019లో వచ్చిన ఏపీ 39 అన్ని జిల్లాలకీ ఒకటే. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. చాలామంది పప్పులో కాలేసేది ఏపీ 09 నుంచి 13 దాకా, ఏపీ 28, 29 నంబర్ల దగ్గర. అవి హైదరాబాద్, రంగారెడ్డివి. 2014 తర్వాత ఆ రికార్డులన్నీ తెలంగాణవి. ఏపీ అక్షరాలున్నాయి గదా అని మన రాష్ట్రం బండి అనుకుంటే, తర్వాత ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కోసం హైదరాబాద్ పరిగెత్తాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి.

మూడక్షరాల పాత నంబరు బళ్లయితే ఆన్‌లైన్‌లో కనపడకపోవచ్చు. పుస్తకం ఉన్నా కంప్యూటర్లో ఎక్కని బళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటప్పుడు ఆ బండి రిజిస్టరైన ఆఫీసులో అమ్మేవారే రికార్డు తీయించి, ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. "మీ ఊళ్లో చేయించుకోవచ్చు" అంటే కుదరదు. రికార్డు ఉన్నచోటే అవుతుంది. ఎంపరివాహన్‌లో రద్దు అయినట్టు, తుక్కుకి వెళ్లినట్టు చూపిస్తే ఇక ఆలోచించకండి.

చివరగా దొంగబండి సంగతి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాళ్ల డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజను నంబర్లు ఇస్తే ఆ బండి దొంగతనం కేసులో ఉందో లేదో చూపించే పత్రం వస్తుంది. డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. ఈ-చలాన్లు బకాయి ఉన్నాయేమో కూడా అప్పుడే చూసెయ్యండి.

పెన్సిలు ఎందుకంటే: బండి దగ్గరికి వెళ్లినప్పుడు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. ఆర్‌టీఓ ఆఫీసులో ఫారాల మీద అడిగే అచ్చు ఇదే. తుప్పుకి అరిగిపోయి అచ్చు పడకపోయినా, అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నా, చుట్టూ వెల్డింగ్ గుర్తులున్నా అక్కడే తెలిసిపోతుంది. రేకు ప్లేటు మీద నంబరు ఒక్కటే చూసి తృప్తిపడొద్దు. ప్లేటు రివిట్లు ఊడదీసి వేరే బండికి బిగించడం ఐదు నిమిషాల పని.

4. బయలుదేరే ముందు వీడియో కాల్

రికార్డు చేసిన వీడియో చాలదు. లైవ్‌లో చూపించమనండి. ముందు రేడియేటర్ మూత చేత్తో తీసి చూపించమనండి. ఇంజను చల్లగా ఉంటేనే అది వీలవుతుంది, వేడిగా ఉన్నప్పుడు తీయమని ఎవరినీ అడగకండి, ఆవిరి మొహం మీదికి చిమ్ముతుంది. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజను ఎలా స్టార్టవుతుందన్నదే అసలు పరీక్ష. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను ఏదైనా మర్యాదగానే తిరుగుతుంది.

స్టార్టు చేశాక సైలెన్సర్ వైపు తిప్పించండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్లో ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ చల్లటి ఉదయం కాసేపు వస్తే ఫరవాలేదు, వేడెక్కాక కూడా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. కాల్‌లోనే ఆర్‌సీ పుస్తకాన్ని కారు నంబరు ప్లేటు పక్కన పట్టుకోమనండి, అమ్మే మనిషి మొహం కూడా కనపడాలి. "నెట్ సరిగా లేదండి" అని రెండుసార్లు తప్పించుకున్నవాడి దగ్గరికి రైలు టిక్కెట్టు పెట్టుకుని వెళ్లకండి.

5. వెళ్లి కళ్లారా చూడండి

పగలు వెళ్లండి. వాన పడుతుంటే ఆగండి, తడిసిన బాడీ మీద రంగు లోపాలు కనపడవు. రాత్రి లైట్ల కింద చూసి కొన్న కారు, మర్నాడు ఎండలో మూడు రంగుల్లో కనిపిస్తుంది.

బాడీ. అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచు, చక్రాల పైన వంపులు, ఫుట్‌బోర్డు, హెడ్‌లైటు చుట్టూ నెమ్మదిగా జరపండి. పట్టు వదిలేసిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. అక్కడక్కడ కొంచెం పుట్టీ ఉండటం ఈ వయసు బండికి సహజం. బారెడు మేర పట్టు లేకపోతే కింద రేకు మిగల్లేదని అర్థం.

తర్వాత కార్పెట్ ఎత్తండి. అమ్మేవాళ్లకి ఇది నచ్చదు, అయినా ఎత్తండి. అంబాసిడర్‌కి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే బలం. అందుకే ఫ్లోరు, తలుపుల కింద ఉండే పక్క సిల్లులు, జాకీ పెట్టే చోట్లు, వెనక కమాను కట్టలు బిగించిన చోట్లు గట్టిగా ఉండాలి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమంటే రేకు, డొప్పగా పలికితే తుప్పు. బండి కింద కొత్తగా నల్ల తారు పూసి ఉంటే మరింత జాగ్రత్త. మంచి బండికి కూడా పూస్తారు, కానీ చిల్లులు మూయడానికి పూసేవాళ్లే ఎక్కువ.

మన డెల్టాలోనే కొంటుంటే నీటి చరిత్ర చూడాలి. 1986 వరద చూసిన ఇళ్లలో ఇప్పటికీ కార్లున్నాయి, 2022 జులైలో లంకలు మునిగినప్పుడు షెడ్లలో బళ్లు కూడా మునిగాయి. కడిగి, రంగేసి నిలబెడతారు. ఒండ్రు మాత్రం మూలల్లో దాక్కుంటుంది. డాష్‌బోర్డు కింద తల పెట్టి చూడండి, స్టెప్నీ గుంటలో వేలు పెట్టి గీకండి, సీటు పట్టాలు, హెడ్‌లైటు లోపల, తలుపు రెక్సిన్ వెనక చూడండి. సన్నటి బూడిదరంగు మన్ను గీతలా ఉంటే మునిగిన బండే. ఉప్పాడ, అంతర్వేది లాంటి తీరం ఊళ్లలో ఏళ్లు గడిపిన బండికి, ఉప్పునీటి చెరువుల గట్ల మీద తిరిగిన బండికి కిందభాగం ప్రత్యేకంగా చూడాలి. ఈ ఒక్క విషయంలో కోయంబత్తూరు పొడి వాతావరణంలో ఉన్న బండి మనదానికంటే నయం. రవాణా ఖర్చు పెట్టుకున్నా గిట్టుబాటు అవుతుంది.

ఇంజను, బ్రేకులు. ఇది మెకానిక్కుకి వదలండి. మీరు చూడగలిగినవి మాత్రం ఇవి: ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలాంటి తెల్లటి జిడ్డు ఉండకూడదు. బ్రేకు పెడలు గట్టిగా తొక్కి అలాగే పట్టుకుంటే మెల్లగా కిందికి దిగకూడదు, దిగితే మాస్టర్ సిలిండర్ పోయింది. పాత అంబాసిడర్లకి, పద్మినిలకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, బూస్టర్ ఉండదు. కొత్త కారు తోలినవాళ్లకి బ్రేకులు లేవేమో అనిపిస్తుంది. అందుకే ఖాళీ రోడ్డు మీద తోలి, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగుతోందేమో మాత్రమే గమనించండి. స్టీరింగ్ పక్కన గేరు ఉన్న మోడలైతే నాలుగు గేర్లూ, రివర్సూ పడుతున్నాయో లేదో మీరే వేసి చూడండి.

బండి మొత్తం మీద విడిభాగాల సంగతి ఆలోచించండి. ఇంజను సామాన్లు చెన్నై పుదుప్పేట, కోయంబత్తూరు, కలకత్తా నుంచి తెప్పించుకోవచ్చు. క్రోమ్ పట్టీలు, అసలు గ్రిల్లు, వెనక లైటు గ్లాసులు, మీటర్లు దొరకడం కష్టం. అవి లేని బండి కంటే, అవన్నీ ఉండి ఇంజను సరిగా లేని బండి కొనడం తెలివైన పని. వెళ్లడం అసలు వీలు కాకపోతే ఆ ఊరి మెకానిక్కుని మీరే వెతికి, డబ్బిచ్చి పంపండి. అమ్మేవారు చూపించిన మెకానిక్కు వద్దు.

6. మొత్తం ఖర్చు రాసుకోండి

కాగితం మీద రాయండి: కారు ధర, రవాణా, పక్క రాష్ట్రం బండైతే ఇక్కడ లైఫ్ ట్యాక్స్, రెన్యువల్, ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్సు, ఐదు టైర్లు, బ్యాటరీ, బ్రేకు పని, టింకరింగ్, పెయింటు. టైర్లకి లోతు బాగానే ఉన్నా పక్కగోడ మీద తయారీ వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. "2311" అంటే 2011లో 23వ వారం. అలాంటి టైర్లతో హైవే ఎక్కకండి, అవి మార్చాల్సినవే.

టింకరు చెప్పిన అంచనాకి సగం కలుపుకోండి. పాత రంగు గీకాక కింద ఏముందో అప్పుడే తెలుస్తుంది, అందులో అతని తప్పు లేదు. ఈ మొత్తం మీ చేతిలో ఉన్నదానికంటే ఎక్కువైతే, ధర కొంచెం ఎక్కువున్నా పని తక్కువున్న బండి వెతుక్కోండి.

7. డబ్బు ఎలా ఇవ్వాలి

బయానా ఇవ్వాల్సివస్తే, బండి చూశాకే, చిన్న మొత్తం, ఆర్‌సీలో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాకే. ఎన్‌ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్ చేసేటప్పుడు ఖాతాదారు పేరు ముందే కనపడే సౌకర్యం 2025 నుంచి బ్యాంకులు ఇస్తున్నాయి. పేరు తేడాగా ఉంటే ఆపెయ్యండి. "మా బావమరిది ఖాతాకి వెయ్యండి" అంటే వద్దు.

నగదు రెండు లక్షలు, అంతకు మించి తీసుకోవడానికి ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవారికి జరిమానా పడుతుంది. బ్యాంకు ద్వారా ఇస్తే మీకు రుజువూ ఉంటుంది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒప్పందం రాయించండి. అందులో ఛాసిస్, ఇంజను నంబర్లు, ధర, బండి అప్పగించిన తేదీ, గంట, అంతకుముందు చలాన్లు, కేసులు ఉంటే అమ్మేవారివే అన్న మాట, ఎన్‌వోసీ ఎప్పటిలోగా ఇస్తారో, ఇవ్వకపోతే బయానా వెనక్కి ఇస్తారన్న మాట ఉండాలి. అసలు మొత్తంలో కొంత ఎన్‌వోసీ చేతికొచ్చేదాకా ఆపుకోండి. నిజాయితీగా అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకుంటారు.

మోసపోయామని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, మీ బ్యాంకుకి చెప్పండి. సిగ్గుపడి రెండు రోజులు ఊరుకుంటే డబ్బు ఖాతాలు దాటిపోతుంది. మొదటి గంటల్లో చెబితే మధ్యలో ఆపగలిగే అవకాశం ఉంటుంది.

8. ఇంటికి తీసుకురావడం

ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన బండిని వెయ్యి కిలోమీటర్లు తోలుకు రావాలన్న ఆశ వద్దు. ఆర్‌సీ గడువు, ఇన్సూరెన్సు సరిగా లేకపోతే అసలు తోలకూడదు. కార్ క్యారియర్ మాట్లాడుకోండి. ఎక్కించేముందు, దింపాక చుట్టూ వీడియో తీయండి, మీటరు రీడింగ్ కూడా పడేలా.

పెద్ద క్యారియర్ కాలవగట్టు రోడ్లలో తిరగలేదు, కొబ్బరితోటల మధ్య సందుల్లో అసలే తిరగలేదు. అందుకని 16వ నంబరు జాతీయ రహదారి మీద రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం లాంటి చోట దింపించుకుని, అక్కడినుంచి చిన్న టోయింగ్ బండి మీద ఇంటికి తెచ్చుకోండి. సఖినేటిపల్లి - నర్సాపురం మధ్య పంటు ఎక్కించే ఆలోచన ఉంటే, స్టార్టింగ్, బ్రేకులు నికరంగా ఉన్న బండినే ఎక్కించండి.

9. పేరు మార్పిడి

మన రాష్ట్రం బండైతే ఫారం 29, ఫారం 30, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. పక్క రాష్ట్రానిదైతే వీటికి తోడు అక్కడి ఆఫీసు ఇచ్చిన ఫారం 28 ఎన్‌వోసీ, ఇక్కడ కొత్త నంబరుకి ఫారం 27, లైఫ్ ట్యాక్స్. కొన్న 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టండి. పక్క రాష్ట్రం బండిని 12 నెలలు దాటి పాత నంబరుతో ఉంచుకోకూడదని ఉంది గదా అని ఏడాది దాకా తిరిగేవాళ్లున్నారు. ఈలోగా పాత ఓనరు ఫోన్ నంబరు మార్చినా, ఊరు మారినా కష్టం మీకే. ఇన్సూరెన్సు పేరు మార్పిడికి 14 రోజులే గడువు, దాన్ని మర్చిపోతారు.

ఆర్‌సీ గడువు ముందే తీరిపోయి ఉంటే, అక్కడే అమ్మేవారి పేరున రెన్యువల్ చేయించి, ఆపైన ఎన్‌వోసీ తీయించండి. బండి ఇక్కడికొచ్చేశాక రెన్యువల్ కోసం మళ్లీ అక్కడి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకి తీసుకెళ్లడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఎక్కువగా చేసే తప్పులు

రంగు చూసి ధర ఒప్పుకోవడం అన్నిటికంటే పెద్దది. కొత్త రంగు వేసిన కారు కంటే, వెలిసిపోయిన అసలు రంగుతో ఉన్న కారు నమ్మదగినది. దాని తుప్పు కళ్లకి కనపడుతుంది. బేరంలో పోటీ ఉందని భయపడటం రెండోది. "సాయంత్రం ఇంకొకాయన వస్తున్నారు" అంటే రానివ్వండి, అంబాసిడర్లు లక్షల్లో తయారయ్యాయి, ఇంకొకటి దొరుకుతుంది. విలాసం కోసం ఏసీ, పవర్ స్టీరింగ్, పెద్ద టైర్లు బిగించిన బండికి ఎక్కువ ఇవ్వడం మూడోది. వాటిని తీసేసి అసలు రూపానికి తేవడానికి మళ్లీ మీరే ఖర్చుపెట్టాలి.

అన్నీ సరిగా అయ్యాయో లేదో చూసుకోవడం

కొత్త ఆర్‌సీ రాగానే కవరులో పెట్టెయ్యకండి. పేరు స్పెల్లింగు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, ఇంధనం, తయారీ నెల, సంవత్సరం, గడువు తేదీ మీరు తీసిన పెన్సిలు అచ్చుతో, పాత ఆర్‌సీతో పోల్చండి. ఒక్క అంకె తప్పున్నా ఆ వారంలోనే సరిదిద్దించండి. ఎంపరివాహన్‌లో మళ్లీ నంబరు కొట్టి ఓనరుగా మీ పేరు ఎక్కిందో లేదో చూడండి. పాత రాష్ట్రంలో ఆ నంబరు ఇంకా చెల్లుబాటులో కనిపిస్తే మన ఆఫీసులో అడగండి. ఆ ఆర్‌సీతో ఇంకెవరైనా ఇంకో బండి నడపకుండా ఉండాలి.

బండి వైపు చూసుకోవాల్సింది మొదటి నెలలోనే. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ వాషర్లు దానికి తట్టుకోలేక మెత్తబడి కారతాయి. అవన్నీ ఇథనాల్‌కి పనికొచ్చే రకానివి వేయించండి. మొదటి వారాల్లో రోజూ బానెట్ ఎత్తి పెట్రోలు వాసన వస్తోందేమో చూడండి. నెలల తరబడి నిలిపేటట్టయితే ట్యాంకులో పెట్రోలు ఉంచకండి, ఇథనాల్ మన గాలిలోని తేమని పీల్చుకుని లోపల తుప్పు పట్టిస్తుంది. ప్లాస్టిక్ కవరు కప్పకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది, నూలు కవరు వాడండి. కొబ్బరిచెట్టు కింద నిలపొద్దు. కోతల రోజుల్లో ఎలుకలు చేల నుంచి ఇళ్లలోకి వచ్చి వైరింగ్ కొరికేస్తాయి, ఆ నెలల్లో వారానికి రెండుసార్లయినా బండి స్టార్టు చేసి కాస్త తిప్పండి. బ్యాటరీ వైరు ఒకటి ఊడదీసి ఉంచితే షార్టయినా నిప్పు రాజుకోదు.